ఎనభై ఆంపుల మీసం

పొద్దున్నే షట్టరెత్తి కోడలు బెంచీ తుడుస్తుంది. కొట్టు మేస్త్రీ అయిన ఆమె మామ కుర్చీని గుమ్మంలోకి లాక్కుని కూర్చుంటాడు. ఆ వీధిలో కార్లకి పాటల పెట్టెలు బిగించే కొట్టు అదొక్కటే. పని ముగిశాక కార్లవాళ్లు వైర్లకేసి చూడరు, మేస్త్రీ మీసంకేసి చూస్తారు. పని సరిగ్గా ఉంటే దాని కొసలు వాటంతటవే పైకి లేస్తాయి, లోపముంటే కిందికి వాలతాయి. ముప్పై ఏళ్లలో అది ఒక్క అబద్ధమాడిన పాపాన పోలేదు.

రెండేళ్లుగా మేస్త్రీకి చూపు ఆనడం లేదు. చెయ్యి కోడలిది, మాట ఆయనది. "నీ అంతట నువ్వు ఆలోచించి చేసిన పనికి మీసం లేస్తే కొట్టు నీదమ్మా. లేదంటే వచ్చే నెల అమ్మేస్తాను" అని తేల్చి చెప్పేశాడు. ఆమెకి ఆ కొట్టంటే ప్రాణం.

ఆరోజు ఓ వ్యాను డ్రైవరు పెద్ద ఆంప్లిఫయరూ, తనే కొన్న వైరు చుట్టా పట్టుకొచ్చాడు. మేస్త్రీ వైరుని వేళ్లతో నొక్కి చూశాడు.

"వేలంత లావుంది. ఎనభై ఆంపుల ఫ్యూజు వెయ్యి."

కోడలు వైరు కొస ఒలిచింది. లావంతా రబ్బరుదే, లోపల తీగ సన్నం. బ్లేడుతో గీకితే రాగి పూత కింద తెల్లటి అల్యూమినియం బయటపడింది. పరాయివాడి ముందు మామ మాట ఎలా కాదనడం? కాదనకపోతే ఏదో ఒకరోజు ఫ్యూజు పోకముందే వైరు కాలుతుంది. అది వెళ్లేది జనం కూర్చునే సీట్ల కిందనుంచి.

"ఈ వైరుకి ఎనభై వెయ్యను మామయ్యా."

"ఆంప్లిఫయరు అరవై లాగుతుంది. చిన్న ఫ్యూజు పెడితే పాట మధ్యలో పోదూ?"

"ఫ్యూజు కాపాడాల్సింది పాటని కాదు, వైరుని. ఇది నలభైకే వేడెక్కుతుంది. మంచి రాగి వైరు లాగుతాను, అప్పుడు ఎనభై పెడతాను."

"కొత్త వైరే కదమ్మా" అని నసిగాడు డ్రైవరు.

"కొత్తదే అన్నా. మంచిది కాదు."

మేస్త్రీ మొహం గంటు పెట్టుకున్నాడు. "నీ ఇష్టం. మీసం వాలితే మాత్రం నన్నడక్కు" అన్నాడు.

ఆమె రాగి వైరు లాగింది. ఫ్యూజుని బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టింది. వైరు ఇనుప రేకుని దాటే చోట రబ్బరు రింగు తొడిగింది. రేకు మీది రంగు గీకి ఎర్తు బిగించింది. మధ్యాహ్నానికి పాట మొదలైంది. పక్క కొట్లవాళ్లు కూడా వచ్చి మేస్త్రీ మీసం చూస్తూ నిలబడ్డారు. కుడి కొస కదిలింది. ఎడమది దాని వెంట లేచింది. రెండూ కళ్లద్దాలు దాటి కనుబొమల దాకా పోయాయి. అంత ఎత్తుకి అది ఆయన సొంత పనికి కూడా ఎప్పుడూ లేవలేదు. మేస్త్రీ తడిమి చూసుకున్నాడు. తన మాట కాదన్న పిల్లని చూసి ఆయన గుండె గర్వంతో నిండిపోయింది.

సాయంత్రం ఇంకో కారు వచ్చి ఆగింది. "మేస్త్రీగారూ, ఓ చిన్న పనుంది" అన్నాడు దిగినాయన.

మేస్త్రీ కుర్చీ పక్కకి జరిపి దారిచ్చాడు.

"మేస్త్రీ లోపల బెంచీ దగ్గరుంది బాబూ. నేను ఆవిడ మామని."