లాజరు దిద్దిన ముఖాలు

లాజరు ముందు మెడ తెల్లబరుస్తాడు, తరువాత బుగ్గలు, చివర చెవులు. తెనాలిలో అతని ఫొటో స్టూడియోకి వచ్చినవాళ్ళెవరూ నోరు తెరిచి అడగనక్కర్లేదు. నల్లగా వచ్చినవాళ్ళు గోధుమరంగులో ఇంటికెళతారు. అతను మాత్రం కారునలుపు, సన్నటి మనిషి. గడ్డం గీసుకునేటప్పుడు తప్ప అద్దం వైపు చూడడు.

ఆ మధ్యాహ్నం కంప్యూటర్ తెర మీద ఉన్నది సొంత కూతురు లిడియానే. సాయంత్రానికి బాపట్ల సంబంధం వాళ్ళకు ఫొటో పంపాలి. బుగ్గలు పూర్తయ్యేసరికి లిడియా క్యారేజీ పట్టుకుని వచ్చింది. తెర చూసి ఆగిపోయింది.

“నాన్నా, ఒక మాట చెప్తాను. అడ్డు రాకుండా వింటావా?”

ఆ గొంతులో కోపం లేదు. అందుకే లాజరుకు భయం వేసింది.

“చిన్నప్పుడు చర్చికెళ్ళే ముందు నా మొహం నిండా పౌడరు కొట్టేవాడివి. ఎండలో ఆడుకోనిచ్చేవాడివి కాదు. మొన్న రేపల్లె వాళ్ళు నువ్వు పంపిన ఫొటో చూసి వచ్చారు. నన్ను చూసి టీ కూడా తాక్కుండా వెళ్ళిపోయారు. వాళ్ళ సంగతి వదిలెయ్. వాళ్ళకంటే ముందు నువ్వే నన్ను వద్దనుకున్నావు నాన్నా.”

“లోకం అట్టా ఉందమ్మా...”

“అడ్డు రావద్దన్నానా?”

లాజరు తెర వైపు తిరిగాడు. బళ్ళో తనని కాకి అని పిలిచినవాళ్ళు గుర్తొచ్చారు. ఇంట్లో వాళ్ళ పని తనే చేస్తున్నాడు. దిద్దినదంతా తీసేశాడు. కూతురి నల్లటి ముఖం తిరిగి వచ్చింది. దాన్నే బాపట్ల పంపాడు.

“ఏమంటారో” అన్నాడు.

“అననీ.”

ఎండ తగ్గకముందే పక్కింటి సరోజిని ఫోన్ చేసింది. “అన్నయ్యా, మీ అమ్మ పోయిందండి. నిద్రలోనే.”

కాసేపు ఏడ్చాక, శవపేటిక పక్కన పెట్టడానికి తల్లి మాణిక్యమ్మ ఫొటో వెతికాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు పెట్టాలనుకున్నాడు. కంప్యూటరంతా గాలించాడు. పెళ్ళిళ్ళలో అమ్మ, క్రిస్మస్‌కి అమ్మ. అన్నీ తనే ప్రేమగా తెల్లబరిచి, అసలు ఫొటోలు పోయేలా వాటి మీదే సేవ్ చేసినవి. లిడియా ఫోన్లోనూ అతను పంపినవే ఉన్నాయి. ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తితే చాలు, ‘నల్లదాన్ని, నాకెందుకే’ అని ముసలామె కొంగు అడ్డం పెట్టుకునేది.

తిరిగి నల్లగా చేయబోయాడు. బూడిదరంగు వచ్చింది గాని అమ్మ రాలేదు.

పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ పేటిక పక్క కుర్చీలో బంతిపూల దండ వేసిన ఫ్రేము ఉంది. అందులోంచి ఎవరో తెల్లటి ముసలావిడ నవ్వుతోంది.