దూలం ఎత్తు

ఆ నేల తుడిచే ఆవిడ ఇంకాస్త నెమ్మదిగా తుడిస్తే ఏం పోయింది, నట్టిల్లు తుడుచుకున్నట్టు మూలమూలలా చూసుకుంటూ తుడవొచ్చు కదా, ఇతని మోచెయ్యి గీరుకుపోయి కోర్టు మీద పడ్డవి రెండు నెత్తుటి చుక్కలే, అదే ఏరై పారి ఉంటే తెల్లారేదాకా తుడిచేది, అంతసేపూ ఊపిరి పీల్చుకునేవాడు, మూడో గేము, చెరి పంతొమ్మిది, ఇంకో రెండు పాయింట్లు, నెట్టుకి అవతల తమ్ముడు టవలుతో మెడ తుడుచుకుంటున్నాడు, వాడి వెనక కోచ్ కుర్చీలో నాన్న, కాళ్ళు చాపుకుని, చేతులు కట్టుకుని, అప్పట్లో మా ఇద్దరికీ ఆట నేర్పిన హాలు గుమ్మంలో ఎలా కూచునేవాడో అలాగే, వాళ్ళిద్దరి చొక్కాల మీద ఉన్నది ఇతను పుట్టిన దేశం పేరు, ఇతని చొక్కా మీద ఉన్నది ఇల్లిచ్చి, పెళ్ళాన్నిచ్చి, పాస్‌పోర్టిచ్చిన దేశం పేరు, ఇతని వెనక కుర్చీలో ఈ దేశం కోచ్, జట్టంతా పొడుగాయన అంటారు, ఆయన ఇంట్లో బల్బు మార్చాలంటే స్టూలెక్కడు, కాస్త వంగి మారుస్తాడు, పొద్దున టిఫిను దగ్గర నవ్వుతూనే చెప్పాడు, చూడు ముసలోడా, జట్లు చెరి రెండు మ్యాచులూ గెలిచి ఐదోది నీ దాకా వస్తే నువ్వే తేల్చాలి, గెలిచావా ఇంకో రెండేళ్ళు నిన్నెవడూ కదపలేడు, ఓడావా, పైవాళ్ళు నీ చోటు కుర్రాళ్ళకిచ్చేస్తారు, నీకో బుట్టెడు షటిళ్ళు ఇస్తాను, వాళ్ళకి అందిస్తూ కాలక్షేపం చేద్దువుగాని, అని భుజం తట్టాడు, ప్రేమగానే తట్టాడు.

అందించడం అంటే ఏమిటో ఆ పొడుగాయనకేం తెలుసు, ఎడమ చెయ్యి పొట్టకి ఆనించి మడవాలి, షటిళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చి ఆ చేతి మీద భుజందాకా పేర్చుకోవాలి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు, వేళ్ళతో ఒక్కొక్కటీ వదులుతూ కుడిచేత్తో లేపుతూ పోవాలి, అవతలివాడు కొడతాడు, మళ్ళీ లేపాలి, కొడతాడు, మళ్ళీ, పదిహేనేళ్ళవాడికి ఆ పని అంటగట్టాడు నాన్న, అదీ ఏ రోజు, ఇద్దరు మీసాలొచ్చిన మగాళ్ళని ఓడించి ఎగురుకుంటూ ఇంటికొచ్చిన రోజు, అన్నం పళ్ళెం ముందు కూచోబెట్టి, పెద్దోడా నువ్వు బానే ఆడతావురా, కానీ నీది అందించే చెయ్యి, చిన్నోడిది కొట్టే చెయ్యి, ఇంట్లో ఇద్దరూ కొడుతూ కూచుంటే అందించేవాడెవడు, అన్నాడు, అంత సబబుగా అన్నాడు, మర్నాటినుంచే షటిళ్ళ బుట్ట ఇతని చేతికొచ్చింది, నాన్న ఈల వేస్తే దారినపోయే లారీలు బ్రేకులు వేసేవి, ఆ హాలు పైకప్పు కింద అడ్డంగా ఓ ఇనప దూలం, దాని మీద పావురాలు, షటిల్ సరిగ్గా దూలం కిందదాకా వెళ్ళాలి, తగలకూడదు, అక్కడ తిరగబడి తమ్ముడి కుడి భుజం మీదకి దిగాలి, వాడు కళ్ళు మూసుకు కొట్టినా తగలాలి, పావురం లేచిందంటే నీ భోజనం లేచిపోయినట్టే అనేవాడు నాన్న, అతను అందించినన్నాళ్ళూ ఆ పావురాలు గుడ్లు పెట్టాయి, పిల్లల్ని లేపాయి, మనవలకి పెళ్ళిళ్ళు కూడా చేసి ఉంటాయి, ఒక్కటంటే ఒక్కటి ఉలిక్కిపడి లేవలేదు, బాగా పడ్డప్పుడు నాన్న దూలంకేసి చూసి ఓసారి తలూపేవాడు, అంతే, ఆ తలూపు కోసం చెయ్యి తిమ్మిరెక్కేదాకా నిలబడేవాడు.

నేల తుడిచే ఆవిడ వెళ్ళిపోయింది, అంపైరు ఆడమంటున్నాడు, సర్వీసు తనదే, చిన్నగా వేశాడు, తమ్ముడు వెనక్కి తోశాడు, తను అడ్డంగా కొట్టాడు, నెట్టు అంచుకి తగిలి, ఒక్క క్షణం అంచు మీదే కూచుని ఆలోచించుకుని, అవతలి పక్కకి దొర్లిపోయింది, ఇరవై పంతొమ్మిది, చెయ్యెత్తి మన్నించమన్నాడు, ఇది ఆటలో మర్యాద, తమ్ముడు పర్లేదన్నట్టు తలాడించాడు, జనం లేచి నిలబడ్డారు, మనవాడు, మనవాడు అంటున్నారు, గెలిచేటప్పుడు మనవాడే, ఓడిన మర్నాడు పాలు తేవడానికి వెళ్తే దుకాణంలో అదే గొంతు ఆ బయటోడు అంటుంది, అటువైపు జనం మాత్రం నిలకడగా ఒకే పేరు పెట్టారు, దేశం మార్చినోడు, ఏం మార్చాను నేను, ఇక్కడికి పిలిచిందీ అందించడానికే, ఈ దేశం ఆటగాళ్ళకి ఎత్తి వెయ్యడానికే, ఒకడికి చీలమండ బెణికిన రోజు ప్రాక్టీసు మ్యాచికి ఇంకెవడూ లేక నన్ను దింపారు, ఆ రోజు కొట్టాను, నేనూ కొట్టగలనని అప్పుడు తెలిసింది నాకు, ఆ తర్వాత కాయితాలు, ప్రమాణం, జెండా, అద్దంలో కొత్త చొక్కా చూసుకుని నాన్నకి ఫోన్ చేస్తే, సరే, చలికి జాగ్రత్త, అని పెట్టేశాడు, జట్టులో కాళ్ళకి కట్లు కట్టే అమ్మాయినే ఇతను పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడ నెల తిరక్కుండానే పట్టేసింది, ఏంటండీ నిద్రలో కూడా ఆ ఎడమ చెయ్యి పొట్ట మీదకి మడుస్తారు, ఎవర్ని మోస్తున్నారు కలలో, అంది, పాప పుట్టినప్పుడు నర్సు చేతిలో పెట్టి, ఎంత బాగా ఎత్తుకున్నారో, ఇంతకుముందు పిల్లలున్నారా, అనడిగింది, వేలమంది ఉన్నారండీ, ఈకలుంటాయి వాళ్ళకి, అన్నాడు, నర్సు అర్థంకాక నవ్వింది, పొడుగాయన ఆ మోచేతికి కర్ర కట్టి ఓ చలికాలమంతా ఆడించాడు, చెయ్యి చాపు, చాపు, నువ్వింకా బుట్ట మోస్తున్నావు, అంటూ, చివరికి చాపుకుంది, నయమైపోయింది అనుకున్నారు అందరూ, తనతో సహా.

ఒక్క పాయింటు, ఇంకొక్కటి, పైన ఎక్కడో భార్యా పాపా ఉన్నారు, అటు చూడకూడదు, ఆట మొదట్లో నెట్టు దగ్గర చెయ్యి కలిపినప్పుడు తమ్ముడు అన్నాడు, అన్నయ్యా సన్నబడ్డావు, వదిన పెట్టట్లేదా, తను అన్నాడు, పెడుతోందిరా, ఇవాళ నీకు వడ్డిద్దామని దాచాను, వాడు పకపకా నవ్వాడు, వాడి మీద కోపం ఎప్పుడూ రాదు, అదే తంటా, వచ్చి ఉంటే ఈపాటికి గెలిచేవాడు, సర్వీసు వేశాడు, వాడు అందుకున్నాడు, అటూ ఇటూ, ఊపిరి ఈలలా వస్తోంది, వాడు నెట్టు దగ్గర సన్నగా వదిలాడు, తను ముందుకి దూకాడు, చాలా టైముంది, వాడి ఎడమవైపు మూల ఖాళీ, పెళ్ళిపందిరంత ఖాళీ, అక్కడికి తోస్తే అయిపోయింది, మనసు అక్కడికే అంది, చెయ్యి కూడా సరే అంది, రాకెట్టు మాత్రం ఇంకాస్త కిందకి దిగి, మణికట్టు మెత్తబడి, షటిల్ లేచింది, తిన్నగా, తీరిగ్గా, అందంగా, ఈ హాలుకి దూలం లేదు, ఆకాశమంత పైకప్పు, అయినా అది ఓ ఎత్తు దాకా వెళ్ళి అక్కడ ఇనప దూలం ఉన్నట్టే ఆగి, తిరగబడి, వాడి కుడి భుజం మీదకి దిగింది, వాడు కొట్టాడు, ఇరవై ఇరవై.

చెమట, రాకెట్టు పట్టు జారింది, అంతే, అరచెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు, దేశం పేరు మీదే తుడుచుకున్నాడు, వెనక నుంచి పొడుగాయన, ఏంటది, ఎందుకెత్తావు, అంటున్నాడు, జారిందండీ, జారింది, ఇంతమందితో ఆడాను, ఒక్కడి దగ్గరా జారలేదు, పోయిన నెల ఓ ఎడమచేతివాటం వాడితో ఆడినప్పుడు జారలేదే, మళ్ళీ ఆట, వాడి బలమైన దెబ్బ తన ఒంటి మీదకొచ్చింది, అడ్డం పెట్టాడు, నెట్టులో పడింది, ఇరవై ఒకటి వాడికి, ఇప్పుడు ఒక్క పాయింటు వాడికి కావాలి, ఎత్తకూడదు, ఇంటిమీద ఒట్టు, నేలకే ఆడాలి, నేలకే, వాడు సర్వీసు వేశాడు, ఇతను నెట్టు వెంబడే ఆడాడు, చిన్నగా, చిన్నగా, బాగానే ఉంది, ఎడమకి, కుడికి, వాడు మళ్ళీ సన్నగా వదిలాడు, అదే చోటు, అదే ఖాళీ మూల, ముందుకి వంగుతూ వంగుతూ ఎందుకో తలెత్తి తమ్ముడికేసి చూశాడు, చూడకుండా ఉంటే బావుండేది, వాడు షటిల్ని చూడటంలేదు, ఇతని రాకెట్టు ఇంకా తగలనేలేదు, వాడు అప్పుడే రెండడుగులు వెనక్కి వేసి, మోచెయ్యి ఎత్తి, మొహం పైకి పెట్టి నిలబడి ఉన్నాడు, ఎనిమిదేళ్ళప్పటి మొహం, అన్నయ్య వేస్తాడు అని ఎదురుచూసే మొహం, అందులో ఎత్తుగడ లేదు, వెటకారం లేదు, నమ్మకం ఒక్కటే ఉంది, ఆ మొహం చూశాక చెయ్యి ఇతన్ని ఏమీ అడగలేదు.

షటిల్ లేచింది, అది ఎక్కడ దిగుతుందో చూడాల్సిన పనిలేదు, వాడు కొట్టాడు, ఇరవై రెండు వాడికి, జనం అరిచిన అరుపుకి కప్పు లేచిపోయి ఉండాలి, ఇతనికి పావురాల రెక్కల చప్పుడు కూడా వినబడలేదు, ఒక్కటీ లేవలేదు మరి, అంపైరు ఏదో చదువుతున్నాడు, తమ్ముడు నెట్టు కింద నుంచి దూరి వచ్చి మెడ కావిలించుకుని, అన్నయ్యా, అన్నయ్యా, అని ఏడుస్తున్నాడు, పొడుగాయన తల పట్టుకుని కుర్చీలో చిన్నవాడైపోయాడు, తమ్ముడి భుజం మీదుగా నాన్న కనబడ్డాడు, నాన్న గెలిచిన కొడుకుని చూడటంలేదు, పైకి, లేని దూలంకేసి చూస్తున్నాడు, తర్వాత ఇతని కళ్ళల్లోకి చూసి ఓసారి తలూపాడు, ఒక్కసారి, బాగా పడింది అన్నట్టు, ఆ తలూపుకి ఇతని ఒళ్ళు, ఛీ, ఒళ్ళు పులకరించింది, ఇల్లూ పాపా చొక్కా జెండా అన్నీ ఉన్న ఒళ్ళు, కూలబడాల్సిన ఒళ్ళు, పదిహేనేళ్ళ పిల్లాడిలా పులకరించింది, తమ్ముడికీ తనకీ మధ్య ఏదో అడ్డం తగులుతోంది, ఏమిటా అని కిందకి చూసుకున్నాడు, తన ఎడమ చెయ్యి, పొట్ట దగ్గర బోలెడు షటిళ్ళున్నట్టు జాగ్రత్తగా మడిచి ఉంది, చాపుదామని చూస్తే రాలేదు, సరే అని వదిలేశాడు, ఇన్నేళ్ళూ వీడితో ఒక్క ఆటా ఆడలేదు తను, ఇవాళ కూడా అందించాడు, రేపు పొడుగాయన తెచ్చిచ్చే బుట్ట ఎంత బరువుంటుందో ఆ చేతికి ఇప్పుడే తెలుసు.