లోపలి బొత్తాం

ముసలాయన సూదిలోకి దారం ఎక్కించడానికి మూడోసారి కొస తడి చేసుకుంటున్నాడు. పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే అమ్మాయి చూసి నవ్వింది.

"ఇటివ్వు బాబాయ్. సూదికి వయసు మీద పడ్డట్టుంది."

"సూదికేం, నిక్షేపంలా ఉంది," అన్నాడు. ఇవ్వలేదు. నాలుగోసారికి ఎక్కింది.

ఆ గది ఒక సహాయ సంఘానిది. పిల్లలకు పొట్టివైపోయిన బట్టలు ఊరంతటి నుంచీ సంచుల్లో అక్కడికి వస్తాయి. లేనివాళ్ళ పిల్లలకు పంచడానికి. ఉతికినవి ముందు ఆయన బల్ల మీదికి చేరతాయి. చిరుగు కుట్టి, ఊడిన చోట బొత్తాం వేసి, ఇస్త్రీ బల్ల వైపు జరుపుతాడు. వెనక గేటుకు వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. పదకొండేళ్ళుగా ఇదే పని. అంతకు ముందు ముప్పై ఏళ్ళు ఒక దర్జీ కొట్లో, వేరేవాళ్ళు కుట్టిన చొక్కాలకు కాజాలు తీశాడు. ఇది నా చేతి చొక్కా అని చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు.

ఇక్కడికొచ్చాకే ఆయనకు తనదంటూ ఒక పని దొరికింది. ప్రతి బట్టకూ లోపలి వైపు, పక్క కుట్టు చివర, ఇంకో బొత్తాం కుట్టి పంపుతాడు. రెండు పోగుల దారం, నాలుగు చుట్లు, ఒక ముడి. పిల్లలు బొత్తాలు తెంపుకుంటారు, ఆ తల్లి ఎక్కడని వెతుక్కుంటుంది అని ఆయన లెక్క. కుట్టమని ఎవరూ చెప్పలేదు. వద్దనీ అనలేదు.

ఆ రోజు పొద్దున మొదట కుట్టినవి మాత్రం ఇంటివే. మనవరాలి చిన్నప్పటి బట్టలు, ఆరు. పిల్లకు ఎనిమిదేళ్ళు వచ్చినా కోడలు వాటిని పెట్టె అడుగున దాచుకుంది. ఇచ్చేద్దామని అడిగితే, "పిల్ల ఎదిగిందని నాకు తెలీదా మామయ్యా. చేతులు రావట్లేదు," అంది.

"పెట్టెలో ఉంటే పురుగులు తొడుక్కుంటాయి. ఇస్తే ఒక పిల్ల తొడుక్కుంటుంది," అన్నాడు ఆయన. ఆ నెలలో ఆయన ఒక్క గుక్కలో అంత మాట్లాడడం అదే.

"నిజంగా పిల్లలకే ఇస్తారా?"

"నాది పూచీ."

వాటిలో జేబు మీద బాతు బొమ్మ ఉన్న పచ్చ గౌను ఒకటి. ఇస్త్రీ అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని, బాతు ముక్కు నలగకుండా చుట్టూ తిప్పి ఇస్త్రీ చేసింది.

"ఇదొక్కటీ ఇంట్లో ఉంచుకోరాదూ బాబాయ్," అంది, తలెత్తకుండా.

"నువ్వూ మా కోడలికి తోడయ్యావా," అన్నాడు ఆయన. పదిగంటల వ్యానులో ఆరూ వెళ్ళిపోయాయి.

మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా మూత పెడుతుండగా వ్యాను డ్రైవరు లోపలికి వచ్చాడు. అరచేతిలో ఒక నీలం బొత్తాం. దాని వెనక గోరంత గుడ్డ పీలిక వేలాడుతోంది.

"ఈ లోపలి బొత్తాలు కుట్టే మహానుభావుడు ఎవరు? అక్కడ నన్ను పట్టుకుని చీవాట్లు పెడుతున్నారు."

ముసలాయన గబుక్కున లేచాడు. "ఏ పిల్లకైనా గుచ్చుకుందా?"

"పిల్లేంటి పెద్దాయనా. కారుకి గీత పడింది. రిపేరు షెడ్డులో తుడుస్తుంటే బర్రుమని గీసుకుపోయిందట."

"కారు తుడవడానికి పిల్లల చొక్కా ఎందుకు?"

డ్రైవరు ఆయన్ని చూశాడు. ఇస్త్రీ అమ్మాయిని చూశాడు. "ఈయనకి తెలీదా?" అని అడిగి, బొత్తాం బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

మాటలు విని సంఘం పెత్తనం చూసే మేడం వచ్చింది. చెడ్డ మనిషి కాదు. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"పాతబట్టలు ఎవరూ తీసుకోవట్లేదు తాతగారూ. నాలుగేళ్ళయింది. ఇస్తే మొహం చిట్లిస్తున్నారు. బొత్తాలు తీయించి, ముక్కలు కోయించి షెడ్లకు పంపుతున్నాం. ఈ ఒక్కటీ ఎలాగో మిగిలిపోయింది. వచ్చినదాంతో పిల్లలకు పుస్తకాలే కొంటున్నాం. ఎవరూ తినేయట్లేదు."

"మరి నేను కుట్టేదంతా?"

"చూడ్డానికి వచ్చేవాళ్ళకి మీ బల్లంటే ఇష్టం. మిమ్మల్ని చూసే ఇంకో సంచి తెస్తారు. గురువారం వస్తున్నారు, ఆ రోజు ఎప్పట్లాగే కుట్టండి. మిగతా రోజులు బొత్తాలు కత్తిరించండి, చాలు. కూర్చుని చేసే పనేగా." చిన్న కత్తెర ఒకటి ఆయన ముందు పెట్టి వెళ్ళింది.

ఆయన డ్రైవరు వైపు తిరిగాడు. "పొద్దున పట్టుకెళ్ళినవి?"

"ఈపాటికి కోసేసి ఉంటారు."

ఇస్త్రీ అమ్మాయి పెట్టె నిలబెట్టి దగ్గరికి వచ్చింది. "చెబుదామనే అనుకున్నా బాబాయ్, ఎన్నిసార్లో. నువ్వు వంగి కుట్టుకుంటుంటే నోరు రాలేదు."

"నాలుగేళ్ళు మడత నలగకుండా ఇస్త్రీ చేశావు," అన్నాడు ఆయన.

కత్తెర అంచు బొటనవేలితో చూశాడు. పదునైనదే. మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు. కళ్ళజోడు జేబులో వేసుకుని, డబ్బా సంచీలో పెట్టుకుని, బయటికి నడిచాడు.

"రేపొస్తావుగా బాబాయ్?"

వినబడింది. గేటు దాటి రోడ్డెక్కాడు.

ఇంటి గుమ్మంలో కోడలు సంచీ అందుకుంది. "ఇచ్చేశారా మామయ్యా?"

"ఇచ్చా."

"బాతు గౌను ఎవరికొచ్చింది?"

ఆయన వంగి చెప్పులు విడవడం మొదలుపెట్టాడు. ఆ రోజు చెప్పులు విడవడానికి చాలాసేపు పట్టింది.

"నాలుగేళ్ళ పిల్ల. కుట్టించినట్టు సరిపోయింది."

"పోన్లెండి," అని కోడలు నవ్వింది. "అనవసరంగా ఇన్నాళ్ళు దాచుకున్నా." ఆ అబద్ధం తన నోట అంత సులువుగా ఎలా వచ్చిందో ఆయనకే అర్థం కాలేదు. ఆ రాత్రి అన్నం వద్దన్నాడు. మర్నాడు పనికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు.

గురువారం చూడ్డానికి వచ్చినవాళ్ళు ఖాళీ కుర్చీ చూసి అడిగారు. ఒంట్లో బాగాలేదని మేడం చెప్పింది. ఇస్త్రీ అమ్మాయి తలెత్తలేదు. బల్ల మీద, ఎవరూ ముట్టని కత్తెర పక్కన, డ్రైవరు పెట్టిన నీలం బొత్తాం అలాగే ఉంది. గుడ్డ చిరిగిందే గానీ, దారం నాలుగు చుట్లూ చెక్కు చెదరలేదు.