ఇటుక కాపడం

నూకరత్నం భారీ మనిషి. పెనం దించిన ప్రతిసారీ వేడి బెల్లం రుచి చూసే మనిషి భారీగా కాక ఇంకెలా ఉంటుంది? ఆవిడ నడిచొస్తే గానుగపాక అదురుతుందని మొగుడు ఎర్రయ్య ఎగతాళి చేసేవాడు, ఆవిడా నవ్వేసేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆ బరువంతా మోసే పాదాల గోడు ఎవరికీ పట్టలేదు. పొద్దున్నే మంచం దిగి మడమ నేలకి ఆనిస్తే చాలు, మేకు దిగినట్టుండేది.

ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆసుపత్రికి తీసుకెళ్తారని భయం. నక్కపల్లిలో ఉండే అన్న నూకరాజుదీ ఇదే ఒళ్లు, ఇదే తీపి నాలుక. అరికాలి పుండుతో ఆసుపత్రికి వెళ్లినవాడు మోకాలి కింద ఏమీ లేకుండా తిరిగొచ్చాడు. ఆ ఖాళీ లుంగీ అంచు గుర్తొస్తే ఆవిడకి ముద్ద దిగేది కాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. కానీ భయపడ్డ మనిషికి ఆ మాట ఎవరు చెప్పగలరు?

అందుకే తల్లి చేసిన వైద్యమే తనూ పట్టుకుంది. బెల్లం పొయ్యిలో ఇటుక కాల్చి, పైన జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించి కాపడం పెట్టుకునేది. కొన్నాళ్లకి కుడి మడమ నొప్పి మాయమైంది. ఇటుక పనిచేసిందని మురిసిపోయింది పిచ్చితల్లి. పెనం దగ్గర చెప్పులేసుకుంటే లక్ష్మీదేవికి అపచారమని ఎర్రయ్య ఎవరినీ వేసుకోనిచ్చేవాడు కాదు. ఆ కాలే నేల మీద ఆవిడ రోజంతా ఉత్తకాళ్లతోనే నిలబడేది.

ఆ మధ్యాహ్నం కూడా కుడికాలు ఇటుక మీద పెట్టి, ఒంటి బరువంతా దాని మీదే వేసి, పాకం కలుపుతున్న ఎర్రయ్యతో కబుర్లాడుతోంది. ఉన్నట్టుండి అతను తెడ్డు ఆపాడు.

“ఏటే రత్నం, ఈ కమురు వాసన? పాకం మాడనేదే.”

“నాకేటి తెల్సు మావా.”

“నీ కాలికాడే పొగొత్తంది, సూడు.”

కాలెత్తి చూసింది. ఆకు నల్లగా మాడి మడమకి అంటుకుపోయింది. లాగితే దాంతోపాటు తోలూ వచ్చింది. నొప్పి లేదు. వేలితో నొక్కి చూసింది. అప్పుడూ లేదు. నొప్పి తగ్గలేదు, కాలికి స్పర్శే పోయిందని అప్పుడు తెలిసింది. ఆవిడకి పైప్రాణాలు పైనే పోయాయి.

“ఆసుపత్రి ఒద్దు మావా. పసుపెట్టి కట్టేత్తాను,” అంది.

ఎర్రయ్య వినలేదు. పాకం పోతే పోయిందని పొయ్యిలో మంట లాగేసి ఆటో పిలిచాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, పుండు కడిగింది. “షుగరు నరాల్ని మొద్దుబార్చింది. నీ బరువంతా పడి పాదాలు చదునైపోయాయి, మడమలు నలిగిపోయాయి. స్పర్శ ఎంతవరకు ఉందో చూడాలి,” అంటూ సన్నటి నైలాన్ పోగు తీసింది. “కళ్లు మూసుకో. ఇది తగిలినప్పుడల్లా చెప్పు.”

నూకరత్నం కళ్లు మూసుకుంది. ఏమీ తెలియలేదు. తెలియదంటే కాలు తీసేస్తారు. “తగిలింది,” అంది. కాసేపాగి, “ఇప్పుడూ తగిలింది,” అంది.



“నేనింకా ఆనించలేదమ్మా,” అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

కళ్లు తెరిచేసరికి ఎర్రయ్య తననే చూస్తున్నాడు. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. “నాకేటీ తెల్డంనేదమ్మా. మా అన్నకి కోసేసినట్టు నాకూ కోసీకండి.”

“పుండు పైపైనే ఉంది. దాచకుండా చెబితే కాలు కాపాడుకోవచ్చు. మళ్లీ కళ్లు మూసుకో.”

ఎర్రయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. బొటనవేలు దగ్గర ఏమీ లేదు. మడమ దగ్గరా లేదు. ఈసారి పెదవి బిగబట్టి ఊరుకుంది. ఎంతకీ ఏమీ లేదు. అంతలో పాదం మధ్యలో చీమ పాకినట్టు అనిపించింది.

“తగిలింది,” అంది గుసగుసగా. నిజమో కాదో చూసుకోవడానికి కళ్లు తెరవాలంటేనే భయం వేసింది. “మావా, నువ్వు సూసి సెప్పు,” అంది.

ఎర్రయ్య వంగి చూశాడు. “నిజంగానే ఆనించీసిందే రత్నం,” అన్నాడు, ఏడుస్తూ.