ఎర్ర సిలిండర్లకు పసుపు దారం

నాకు నిప్పంటే భయం. ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత ఎవరూ నవ్వకుండా ఉంటారు. మా అల్లం గోదాం పక్కనున్న పత్తి మిల్లు కాలినప్పుడు బయటికి మంటే కనిపించలేదు. దూది లోపల్లోపలే కాలింది. ఆరిపోయిందని అందరూ ఇళ్లకు పోయాక మళ్లీ లేచింది. అప్పటి నుంచి దేవుడి దగ్గర దీపం పెట్టినా, అది కొండెక్కేదాకా నేను అక్కడి నుంచి కదలను.

జహీరాబాద్ మార్కెట్లో నన్ను అల్లం సంగమ్మ అంటారు. మా ఆయన విరూపాక్ష పోయాక వ్యాపారం నేనే నడుపుతున్నాను. నా నోటికి జడిసి దళారులు కూడా పక్కకు తప్పుకుంటారని మా అమ్మాయి శిల్ప వెక్కిరిస్తుంది. తప్పుకోనీ! నోరు లేకపోతే ఈ మార్కెట్ నన్ను ఏనాడో నమిలి మింగేది.

అలాంటి నా దగ్గరికి అమర్నాథ్ వచ్చాడు. హైవే పక్కన అతనికి ఫ్యాక్టరీ ఉంది. మంటలార్పే ఎర్ర సిలిండర్లు, నిప్పంటుకోని రంగులు, వెల్డింగ్ చేసేచోట పరిచే దుప్పట్లు తయారు చేస్తాడు. శిల్ప కెమిస్ట్రీ చదివి అక్కడే, రంగు కలిపే గదిలో పనిచేస్తోంది. సిలిండర్ ఎలా వాడాలో కొన్నవాళ్లకు నేర్పేది కూడా అదే.

"అక్కా, ఆర్డర్లు మస్తుగ వస్తున్నయి, షెడ్డు సరిపోతలేదు. మీరు భాగానికొస్తే ఇంకో షెడ్డు లేపుత," అన్నాడు అమర్నాథ్.

ఆ మాటతో నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. మా ఆయన కూడబెట్టింది పోతుందేమోనన్నది చిన్న భయం. పెద్దది వేరే ఉంది. నా బిడ్డ పొద్దంతా థిన్నర్ డ్రమ్ముల మధ్య నిలబడుతుంది. ఆ కంపెనీ మంచిదో కాదో తేల్చుకోవడమంటే, నా బిడ్డ సాయంత్రం క్షేమంగా ఇంటికొస్తుందో రాదో తేల్చుకోవడమే.

అల్లం కొనేటప్పుడు నేను బస్తా పైన చూసి బేరం చేయను. చెయ్యి అడుగుదాకా పెట్టి, ఒక కొమ్ము తీసి, విరిచి చూస్తాను. కంపెనీని కూడా అలాగే చూడాలనుకున్నాను. లెక్కలు మా ఆడిటర్ చూసి బాగున్నాయన్నాడు. సరుకు కొన్నవాళ్లకు నేనే ఫోన్లు చేశాను. ఒక్కరూ వంక పెట్టలేదు. ఇక ఫ్యాక్టరీ లోపలికి పోయి చూడటమే మిగిలింది.

దసరాకు ఆయుధ పూజకి రమ్మని అమర్నాథ్ పిలిచాడు. పోయేసరికి మిషన్లన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. గోడలకు తగిలించిన సిలిండర్లకూ బొట్లు పెట్టారు. అమర్నాథ్ పళ్లెంలో పసుపు దారాలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"రేపటి భాగస్తులు మీరే. కంకణాలు మీ చేతులతోటే కట్టున్రి అక్కా."

మొదటి సిలిండర్ దగ్గర ఆగి చూశాను. పైన పిడి, అందులో ఒక ఇనుప పిన్ను, ఆ పిన్ను జారకుండా సన్నటి ప్లాస్టిక్ సీలు. పిన్ను లాగితేనే పిడి నొక్కడానికి వస్తుందట. ఆ సీలు చూస్తే గట్టిగా ఊదినా తెగిపోయేటట్టుంది.

"గింత పీలగున్నదేంది? ఎవ్వడన్నా ఊకెనే లాగితే?" అన్నాను.

సేఫ్టీ పని చూసే రేవణసిద్ధప్ప, "అది అట్లనే ఉండాలె అక్కా, ఎందుకంటే..." అని మొదలుపెట్టాడు. అమర్నాథ్ అతని వైపు గుడ్లురిమి చూశాడు. పెద్దమనిషి నోరు మూసుకున్నాడు.

నేను పిన్నునూ పిడినీ కలిపి చుట్టి మూడు ముళ్లు వేశాను. ఆ కట్టడంలో ఉన్న సిలిండర్లన్నిటికీ అలాగే కట్టాను. రంగు గది వాకిట్లో ఉన్నదానికైతే దారం రెండు పేటలు చేశాను. నా బిడ్డ ఉండేది అక్కడే కదా! ఝరాసంగం సంగమేశ్వరా, పిల్లను నువ్వే కాపాడు తండ్రీ అనుకుంటూ, పళ్లు బిగబట్టి లాగి మరీ కట్టాను.

వచ్చేటప్పుడు అమర్నాథ్ మా ఇంటికని ఒక చిన్న సిలిండర్ ఇచ్చాడు. దాన్ని వంటింట్లో తగిలించి, దానికీ ఒక కంకణం కట్టేశాను. ఎన్నాళ్లకో ఆ రోజు గుండె మీది బరువు కాస్త దిగింది.

కార్తీకంలో, సరేనని మాటిచ్చేద్దామని మళ్లీ ఫ్యాక్టరీకి పోయాను. అమర్నాథ్ గోడల వెంట నడిపిస్తూ, "చూడున్రి అక్కా, మీరు గట్టిన దారం ఒక్కటి గూడ ముట్టలె," అన్నాడు. నాకు ముచ్చటేసింది. పిచ్చి మొహాన్ని, ముచ్చటేసింది!

ఆఫీసులో కూర్చుని చాయ్ తాగుతున్నాం. రంగు గది వైపు నుంచి భుగ్గుమని చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే నల్లటి పొగ. రంగు తిప్పే మోటారులోంచి నిప్పురవ్వ లేచిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు ఒక్కటే తెలుసు, శిల్ప అందులో ఉంది.

ఎలా ఉరికానో నాకే తెలియదు. గది వాకిట్లో శిల్ప సిలిండర్ పట్టుకుని పిన్ను లాగుతోంది. లోపల ఒలికిన థిన్నర్ మీద మంట నేల వెంట పాకుతోంది. దాని వెనకాల నిండు డ్రమ్ములు. పిన్ను రావడం లేదు. పసుపు ఆరిపోయి దారం ఎండిన తోలులా బిగుసుకుంది. శిల్ప దాన్ని పళ్లతో కొరుకుతోంది.

"ఇడిసిపెట్టి బయటికి రావే!" అని అరిచాను.

"డ్రమ్ములంటుకుంటే అందరం పోతమమ్మా!"

రేవణసిద్ధప్ప పక్క గోడ మీది సిలిండర్ పీక్కొచ్చాడు. దానికీ నా దారమే. ఇంకొకటి తెచ్చాడు, దానికీ అంతే. నా ముళ్లు నేనే విప్పబోయాను. గోళ్లు విరిగాయి గానీ ముడి కదల్లేదు. అంతలో మంట వాకిలి దాకా వచ్చి శిల్ప చొక్కా చేతికి అంటుకుంది. అయ్యో నా బిడ్డా అంటూ కొంగుతో అదిమి పట్టుకున్నాను. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కును వదలలేదు.

రేవణసిద్ధప్ప అమ్మకపు సరుకున్న గోదాం వైపు పరుగెత్తాడు. అట్టపెట్టె చించి కొత్త సిలిండర్ తెచ్చాడు. దానికి పూజా లేదు, కంకణమూ లేదు. పిన్ను లాగగానే ప్లాస్టిక్ సీలు టక్కున తెగింది. తెల్లటి నురగ పడ్డచోటల్లా మంట అణగిపోయింది. సరుకు మంచిదే. ఆ మాట ఈ రోజుకీ ఎవరడిగినా చెప్తాను.

దవాఖానలో శిల్ప చేతికి మోచేతి దాకా కట్టు కట్టారు. వేళ్లు కదులుతాయని డాక్టర్ చెప్పాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఊపిరి రాగానే కోపమూ వచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్న రేవణసిద్ధప్ప మీద పడ్డాను.

"దినాం ఆ సిలిండర్ల ముందటనే తిరుగుతవు గదా! నీ కండ్లకు కనవడలేదా?"

ఆయన తల ఎత్తలేదు. "ఏటేటా పూజైన తెల్లారే దారాలు కోస్తం అక్కా. ఈసారి గూడ కోస్తనన్న. సేట్ వద్దన్నడు. అక్క మళ్ల చూడనీకొస్తది, కోసినట్టు కనవడితే మనసు ఖరాబైతదన్నడు. మీ కోపం సంగతి ఊరంత ఎర్కే గద."

పొద్దుగూకే వేళకు అమర్నాథ్ పండ్లు పట్టుకుని వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమర్నాథూ, మిగిలిన దారాలు కోయించినవా?" అని అడిగాను.

అతను నా మొహంలోకి చూశాడు. నాకు ఏది నచ్చుతుందో వెతుక్కున్నాడు. "మీరు చెప్పకుంట ఎట్ల కోస్తనక్కా? మీరు ఊ అనున్రి, ఇప్పుడే కోయిస్త."

లోపల్లోపలే కాలిన పత్తి మిల్లు గుర్తొచ్చింది.

"ముందుగాల పోయి కోయించు. నేను భాగానికి రాను తమ్మీ."

"అక్కా, సరుకు..."

"సరుకుకు ఏం వంక లేదు. నేను రూపాయి పెట్టకముందే నా మొఖం చూసి సిద్ధప్ప నోరు మూయిస్తివి. పెట్టినంక ఎవరి నోరు తెరువనిస్తవు?"

అతను పండ్ల సంచి అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు శిల్పను ఇంటికి తీసుకొచ్చాను. దానికి చాయ్ పెడదామని వంటింట్లోకి పోయి, గిన్నె స్టవ్ మీద పెట్టి, లైటర్ కోసం చెయ్యి చాచాను. గోడకు చిన్న సిలిండర్. పిన్ను మీద పసుపు దారం, మూడు ముళ్లు.

"శిల్పా! గిది గిట్ల కడితే పనికిరాదని నీకు ఎర్కలేదా?"

"ఎర్కే," అంది వంటింటి వాకిట్లో నిలబడి.

"ఊరందరికి నేర్పుతవు. మన ఇంట్లదెందుకు కోయలేదే? ఫ్యాక్టరీలదెందుకు కోయలేదే?"

కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నా వైపు చూసింది. సరిగ్గా అమర్నాథ్ చూసినట్టే చూసింది.

"నువ్వు గట్టినవ్ గదమ్మా," అంది. "ఏమంటవోనని భయమైంది."

స్టవ్ ఇంకా వెలిగించనే లేదు. లైటర్ అక్కడే వదిలేసి, దారం కోయడానికి కత్తి అందుకున్నాను.