విలన్ కూతురి నోటిమాట

అన్యాయం ఎవరికి జరిగింది? ఒక బొమ్మల కథలోని విలన్ కూతురికి. ఎలా జరిగింది? ఆమెది కాని మాటను ఆమె నోట పెట్టడం వల్ల. బొమ్మకు అన్యాయమేమిటని నవ్వేవారు నవ్వవచ్చు. ఆ బొమ్మకు ముఖం ఇచ్చిన పిల్ల మాత్రం నవ్వలేదు.

ఆ పిల్ల తండ్రి చిత్రకారుడు. అంతరిక్షంలో సాగే ఆ కథను వారం వారం తానే రాసి, తానే బొమ్మలు వేసేవాడు. విలన్ కూతురికి తన కూతురి ముఖమే వేశాడు. ఆఖరి సంచికలో బందీలు పారిపోతుండగా ఆ అమ్మాయి, "తలుపు మూసెయ్యి. ఒక్కడు కూడా ప్రాణాలతో వెళ్ళకూడదు" అన్నది. విలనే కరిగిపోయి, "వాళ్ళని వెళ్ళనివ్వు. నేను నీ దగ్గరే ఉంటాను" అన్నాడు. తండ్రిని మించిన రాక్షసి అని పాఠకులు ఆమెను తిట్టిపోశారు. బడిలో ఆ ముఖమున్న పిల్ల పక్కన ఎవరూ కూర్చోలేదు. సంచిక అచ్చయ్యే నాటికే చిత్రకారుడు కన్నుమూశాడు. నాన్న తనను అలా ఎందుకు అనుకున్నాడని అడగడానికి ఆమెకు మనిషి లేకుండా పోయాడు.

ఇన్నేళ్ళకు ఆ కథ తెరకెక్కుతోంది. ఆ పిల్ల ఇప్పుడు డబ్బింగ్ కళాకారిణి. "ముఖం మీదే కదక్కా, గొంతూ మీరే ఇవ్వండి" అని దర్శకుడు పిలిచాడు. ఆ కథకు అక్షరాలు రాసిన పెద్దమ్మను వెంటబెట్టుకుని ఆమె వెళ్ళింది. మరిది పోయిన దుఃఖంలో పెద్దమ్మ ఆ ఆఖరి సంచికను ఏనాడూ తెరవలేదు.

మైకు ముందు నిలబడి ఆమె, "తలుపు మూసెయ్యి" అన్నది.

"ఇంకొంచెం కర్కశంగా, అక్కా," అన్నాడు దర్శకుడు.

పెద్దమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, రికార్డింగ్ గది అద్దానికి అంటించిన ఆ ఆఖరి సంచిక పేజీ దగ్గరికి నడిచింది. విలన్ కూతురి మాట మీద వేలు పెట్టింది.

"ఈ లావు అక్షరాలు దీని నోట్లోకి ఎలా వచ్చాయి? విలన్ మాటలకి లావు పాళీ, దీని మాటలకి సన్న పాళీ వాడేదాన్ని. 'పిల్ల మాట మెత్తగా కనబడాలి వదినా' అనేవాడు మీ నాన్న."

ఆ రోజుల్లో మాటలను విడి కాగితాల మీద రాసి, కత్తిరించి, బొమ్మ మీద జిగురుతో అంటించేవారు. జిగురు ఎండితే ముక్కలు రాలిపోయేవి. రాలిన రెండు ముక్కలను అచ్చాఫీసులో ఎవరో తారుమారు చేసి అంటించారు.

దర్శకుడు పాత సంచికలన్నీ తిరగేశాడు. అన్నింటిలోనూ ఆ అమ్మాయివి సన్నని అక్షరాలే.

"కానీ అమ్మా, ఇది అందరికీ కంఠతా వచ్చిన సీను. మారిస్తే జనం ఊరుకుంటారా?"

"తప్పు అచ్చయితే ఒప్పయిపోతుందా, నాయనా?"

విలన్‌కు గొంతు ఇచ్చే బొంగురాయన తల గోక్కున్నాడు. "నాకు దొరికిన ఒక్క మంచి మాటా ఊడిపోయినట్టేనా?"

"నీది కానిది నీకెందుకురా? ఇన్నాళ్ళు మీ విలన్ వాడుకున్నాడు, చాల్లే."

ఆయన నవ్వి, తన మాటలున్న కాగితాన్ని చిత్రకారుడి కూతురి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చదివి పెద్దమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, ఇది నాన్న నాకోసం రాశాడా?"

"నువ్వన్నదే రాశాడే, పిచ్చిదానా. ఆయన జ్వరంతో పడుకుంటే, పిల్లలందరూ ఆటలకి పోయినా నువ్వు కదల్లేదు. 'నేను నీ దగ్గరే ఉంటాను' అన్నావు."

"నాకు గుర్తే లేదు."

"ఆయనకి గుర్తుంది."

దర్శకుడు మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. తలుపు మూసెయ్యమని బొంగురు గొంతు ఉరిమింది. ఆమె మైకు దగ్గరికి జరిగింది.

"వాళ్ళని వెళ్ళనివ్వు. నేను నీ దగ్గరే ఉంటాను."

అది పదేళ్ళ పిల్ల గొంతు. దర్శకుడు ఇంకో టేకు అడగలేదు. తండ్రి కూతురికి బాకీపడిన మాట, ఒక్క అక్షరం తగ్గకుండా ఆమెకు ముట్టింది.