ఉత్త చేతులతో బడికి

మల్లిక మరిచిపోయిన అన్నం క్యారేజీ ఇవ్వడానికి బడికి వెళ్లిన రత్నానికి ఆరో తరగతి గదిలో కూతురు కనిపించలేదు. లోపల లెక్కల పాఠం సాగుతోంది. మల్లిక దగ్గు మాత్రం పెరట్లోంచి వినిపించింది.

మరుగుదొడ్ల దగ్గర తెలుగు పేట ఆడపిల్లలు మోకాళ్ల మీద కూర్చుని నేల తోముతున్నారు. చేతుల్లో కొబ్బరిపీచు, పక్కన యాసిడ్ సీసా. మల్లిక అరచేతులు పొక్కి తోలు లేచాయి. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఒక పంతులమ్మ గట్టు మీద నిలబడి ఉంది.

"పాఠం జరుగుతుంటే వీళ్లెందుకు ఇక్కడ, సయామా?" పంతులమ్మని బర్మా భాషలో అడిగింది రత్నం.

"ఎవరో ఒకరు కడగాలి కదా. మీవాళ్లకి అలవాటే."

అలవాటే. తెల్లవాడు ఓడెక్కించి తెచ్చి రంగూన్ దొడ్లు ఎత్తించింది రత్నం ముత్తాత చేతే. ఆ పని దించుకోవడానికి తాత సేక్కాన్ రేవులో మూటలు మోశాడు. రత్నం చిమిండైంగ్ బజారులో ఎండుచేపలు అమ్ముతోంది. మల్లిక పరీక్ష గట్టెక్కితే ఇంకో మెట్టు. పాఠం చెవిన పడకపోతే, చేయి కలం పట్టకపోతే, ముత్తాత పార దగ్గరికే తిరిగి చేరుతుంది. రత్నం లెక్క అంత సూటిగా ఉంది.

పంతుళ్ల దగ్గరికి ఉత్త చేతులతో పోకూడదన్నది ఆ ఊరి మర్యాద. రత్నం పళ్లెంలో అరటిపళ్లు, కొబ్బరికాయ పెట్టుకుని హెడ్ సయామా గదికి వెళ్లింది. మోకాళ్ల మీద వంగి మొక్కి, అప్పుడు నోరు తెరిచింది.

"మీ అమ్మాయి సంగతేనా?" హెడ్ సయామా పళ్లెం అందుకుంది. "రేపటినుంచి దాన్ని పిలవరులే. మనిద్దరి మధ్యనే ఉండాలి. బయట అనకు."

మంచి బేరమే కుదిరిందనుకుంటూ ఇంటికొచ్చింది రత్నం.

రెండు రోజులకే, బజారులో రొయ్యలమ్మే ఎస్తేరు రాణి వచ్చి ఆమె బుట్ట మీద కాలు పెట్టింది.

"ఏటే రత్నం! నీ గుంటని లేపి నా పిల్ల మిరియమ్‌ని దొడ్లలోకి దించినావు? దేవుడు సూత్తాడే!"

"నాను దించినానేటి? నా పిల్ల గురించే సెప్పుకున్నాను."

"అదేనే నానంతన్నాది! పోయిన నెల నానూ కాయెట్టి మొక్కి నా పిల్ల గురించే సెప్పినాను. ఆ సయామా నా పిల్లని లేపి నీ పిల్లని దించింది!"

పక్క బుట్ట దగ్గరి దేవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఒలమ్మో! ఆ కాయ నానూ ఎట్టినాను. నాకూ బయట అనొద్దంది."

రత్నానికి ఒళ్లు మండింది. రేవులో దళారీ చేసేదీ ఇదే. పడవవాళ్లని ఒక్కొక్కణ్ణే పక్కకి పిలిచి, 'నీకు మాత్రమే ఈ ధర' అని చెవిలో చెప్పి, అందరి సరుకూ చవగ్గా లాగేస్తాడు.

ఆ మిలటరీ పాలన రోజుల్లో ఐదుగురికి మించి గుమిగూడితే సిపాయిల లారీ వచ్చేది. అందుకని మధ్యాహ్నం బజారు పలచబడ్డాక బుట్టకి ఐదుగురు చొప్పున, బేరమాడుతున్నట్టే కూర్చున్నారు. ఒక బుట్ట దగ్గర అన్న మాట పక్క బుట్టకి దాటుతూ పోయింది.

"ఇది మన దేశం కాదర్రా, సర్దుకోండి," అన్నాడు గుడి పెద్ద అప్పయ్య.

"తాతా, నువ్వెక్కడ పుట్టినావు?" అడిగింది రత్నం.

"ఈ చిమిండైంగ్‌లోనే."

"మరి మీ అయ్య?"

"ఇక్కడే."

"మరేటి! సర్దుకుని ఎక్కడికెల్లిపోదామని? రేవులో ఓడేటైనా కట్టించుంచినావా?"

నాలుగు బుట్టల దాకా నవ్వు పాకింది. ఆకుకూరలమ్మే బర్మా ఆవిడ డా తీడా తన భాషలో అడిగింది. "మా వాడి చేత సయామా ఇంటి బట్టలు ఉతికిస్తున్నారు. నన్ను కలుపుకోరా?"

రత్నం జరిగి ఆమెకు చోటిచ్చింది.

"లోపలేసేత్తారే," అంది ఎస్తేరు.

"ఐదుగురివే ఎల్దాం," అంది రత్నం. " మనవొచ్చినాక ఇంకో ఐదుగురు, ఆళ్ల ఎనకాల ఇంకో ఐదుగురు. కాయ లేదు, మొక్కు లేదు. ఏ బిడ్డనీ పాఠం మాన్పించి పనిలో ఎట్టొద్దు, అంతే మన మాట. నా బిడ్డ అని ఎవులూ అనొద్దు."

"ఉత్త చేతులతోనా?" అప్పయ్య బిత్తరపోయాడు. "తప్పు కాదేటే!"

"అదే తప్పయితే యాసిడ్‌తో తోమించడం ఏటి, తాతా?"

మర్నాడు పొద్దున హెడ్ సయామా చూపు ముందు వాళ్ల చేతుల మీదే పడింది. పళ్లెం లేదు. ఐదుగురూ మొక్కకుండా నిలబడ్డారు.

"మీ మల్లికని పనిలోంచి తీసేశాం కదా! ఇంకేం కావాలి?"

"మల్లిక పేరు నేనెత్తలేదు, సయామా. ఏ బిడ్డనీ పాఠం మాన్పించి పనిలో పెట్టకండి."

"ఎస్తేరూ, నువ్వైనా చెప్పు. నీ పిల్లని రేపే..."

"ఏ బిడ్డనీ," అంది ఎస్తేరు.

"కలా ముండలు!" ఇండియావాళ్లని ఆ ఊరు తిట్టే మాటతో ఆమె బల్ల చరిచింది. "పేర్లు కొట్టేస్తాను!"

"కొట్టేయండి. అన్ని పేర్లూ కొట్టేసి ఖాళీ బెంచీలకి చెప్పుకోండి పాఠం," అంది రత్నం.

వాళ్లు బయటికి రాగానే గోడ నీడన ఉన్న ఐదుగురు లోపలికి వెళ్లారు. అదే మాట. తరువాత ఇంకో ఐదుగురు. హెడ్ సయామా ఫోను అందుకుంది.

లారీ వచ్చింది. వార్డు అధికారి దిగుతూనే అరిచాడు. "ఎవతె మీ నాయకురాలు?"

"ఐదుగురమే ఉన్నాం, బాబూ. లెక్కపెట్టుకో," అంది గేటు దగ్గర నిలబడ్డ రత్నం.

అతను చెంప మీద కొట్టాడు. సిపాయిలు ఆమె జబ్బలు పట్టి ఈడ్చారు. కిటికీ దగ్గర కట్టు కట్టిన రెండు చేతులు ఊచల్ని పట్టుకున్నాయి.

"అమ్మా!"

"కిటికీకాడేటే పని? ఎల్లి కూకో, పాఠం ఇను!" అరిచింది రత్నం. లారీలోకి నెడుతుంటే ఎస్తేరు వైపు తల తిప్పింది. "నా బుట్ట మీద గోనె కప్పవే, ఈగలు ముసురుతాయి."

లారీ కదిలింది. వెనక చెక్కల సందులోంచి ఆమెకు వీధి కనిపించింది. ఇంకో ఐదుగురు వస్తున్నారు. ముందు డా తీడా, చివర అప్పయ్య. కాపలావాడు గేటు మూయబోయాడు.

అప్పయ్య తన ఉత్త చెయ్యి అడ్డం పెట్టాడు.